ఓడిన రోజే ఛాంపియన్: 1994-95 ఇంగ్లిష్ ఫుట్‌బాల్ సీజన్‌లో బ్లాక్‌బర్న్ ఎలా గెలిచింది?

క్లుప్తంగా: 1994-95 ప్రీమియర్ లీగ్ టైటిల్‌ను బ్లాక్‌బర్న్ రోవర్స్ ఒక్క పాయింటు తేడాతో గెలుచుకుంది. ఆ జట్టు చివరి మ్యాచ్ ఓడిపోయింది. ప్రధాన ప్రత్యర్థి మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో రెండుసార్లూ ఓడింది. గోల్స్ తేడాలోనూ (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది) యునైటెడ్ కంటే వెనుకబడింది. తమ ఆటగాడు ఎరిక్ కాంటోనా మీద పడ్డ నిషేధం వల్లే యునైటెడ్ టైటిల్ పోగొట్టుకుందని ఒక వాదన, యజమాని జాక్ వాకర్ డబ్బే బ్లాక్‌బర్న్‌ను గెలిపించిందని మరో వాదన ఇప్పటికీ వినిపిస్తాయి. పాయింట్ల పట్టికను విడదీసి చూస్తే ఈ రెండూ సగం నిజాలే. విజయానికి మూడు పాయింట్లిచ్చే నిబంధన, సొంత మైదానంలో యునైటెడ్ చేసుకున్న డ్రాలు అంతకంటే సూటిగా ఫలితాన్ని నిర్ణయించాయి.

1995 మే 14న లివర్‌పూల్‌లోని ఆన్‌ఫీల్డ్ మైదానంలో బ్లాక్‌బర్న్ 1-2తో ఓడిపోయింది. ఆట ముగిసిన కాసేపటికే ఆ జట్టు కెప్టెన్ టిమ్ షెర్‌వుడ్ లీగ్ ట్రోఫీని పైకెత్తాడు. 1914 తర్వాత ఆ క్లబ్ ఇంగ్లండ్ ఛాంపియన్ కావడం అదే మొదటిసారి. ప్రీమియర్ లీగ్ 1992లో మొదలైంది. 2025 వరకు ఆ టైటిల్ గెలిచిన క్లబ్‌లు ఏడే: మాంచెస్టర్ యునైటెడ్, బ్లాక్‌బర్న్, ఆర్సెనల్, చెల్సీ, మాంచెస్టర్ సిటీ, లెస్టర్, లివర్‌పూల్. ఈ వరుసలో బ్లాక్‌బర్న్ పేరు చూసి, లాంకషైర్‌లోని ఒక పాత నూలు మిల్లుల పట్టణం అక్కడికెలా చేరిందని నేటి తరం ప్రేక్షకులు ఆశ్చర్యపోవడం సహజం. ఆ సీజన్‌ను వివరంగా చూస్తే లీగ్ పోటీ నడిచే పద్ధతే బాగా అర్థమవుతుంది.

చివరి రోజు లెక్క

ఆఖరి మ్యాచ్‌లకు ముందు బ్లాక్‌బర్న్ 89 పాయింట్లతో, యునైటెడ్ 87 పాయింట్లతో ఉన్నాయి. గోల్స్ తేడాలో యునైటెడ్ బాగా ముందుంది. అంటే బ్లాక్‌బర్న్ గెలిస్తే 92 పాయింట్లతో కథ ముగుస్తుంది. బ్లాక్‌బర్న్ డ్రా చేసుకుని యునైటెడ్ గెలిస్తే రెండూ 90 దగ్గర సమమై, గోల్స్ తేడాతో టైటిల్ యునైటెడ్‌కు వెళ్తుంది. యునైటెడ్ గెలవకపోతే మాత్రం బ్లాక్‌బర్న్ ఏం చేసినా ఛాంపియనే.

ఆన్‌ఫీల్డ్‌లో 20వ నిమిషంలో అలన్ షియరర్ గోల్‌తో బ్లాక్‌బర్న్ ముందుకెళ్లింది. అదే సమయంలో యునైటెడ్ ఆడుతున్న లండన్‌లోని అప్టన్ పార్క్‌లో 31వ నిమిషంలో ప్రత్యర్థి వెస్ట్‌హామ్ తరఫున మైకేల్ హ్యూస్ గోల్ కొట్టాడు. విరామ సమయానికి టైటిల్ దాదాపు ఖాయమైనట్టే కనిపించింది. తర్వాత పరిస్థితి మారింది. 52వ నిమిషంలో బ్రయన్ మెక్లెయిర్ యునైటెడ్‌కు స్కోరు సమం చేశాడు. 64వ నిమిషంలో జాన్ బార్న్స్ లివర్‌పూల్‌కు సమం చేశాడు. ఈ రెండో గోల్‌తో లెక్క తలకిందులైంది. అంతవరకు యునైటెడ్ ఒక గోల్ కొట్టినా సరిపోయేది కాదు. బార్న్స్ గోల్ తర్వాత అప్టన్ పార్క్‌లో యునైటెడ్ మరొక్క గోల్ కొడితే చాలు, ట్రోఫీ మాంచెస్టర్‌కే.

చివరి పాతిక నిమిషాల ఆట దాదాపుగా వెస్ట్‌హామ్ గోల్‌పోస్టు ముందే నడిచింది. మార్క్ హ్యూస్‌ను మొదట బెంచ్ మీద కూర్చోబెట్టిన యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గుసన్, విరామం తర్వాత అతణ్ని దించాడు. ఆండీ కోల్‌కు వరసగా అవకాశాలు దొరికాయి. వెస్ట్‌హామ్ చెక్ గోల్‌కీపర్ లుడెక్ మిక్లోష్కో వాటికి అడ్డుపడ్డాడు. ఆన్‌ఫీల్డ్‌లో ఆఖరి నిమిషంలో జేమీ రెడ్‌నాప్ ఫ్రీకిక్ బ్లాక్‌బర్న్ గోల్‌లోకి దూసుకెళ్లింది. దాదాపు అదే సమయానికి లండన్ నుంచి 1-1 అన్న వార్త చేరింది. తమ జట్టు ఓడిన క్షణంలోనే బ్లాక్‌బర్న్ ఆటగాళ్లు ఒకరినొకరు కావలించుకున్నారు. లివర్‌పూల్ అభిమానులు కూడా చప్పట్లు కొట్టారు. బ్లాక్‌బర్న్ మేనేజర్ కెన్నీ డాల్గ్లిష్ ఆ మైదానంలో ఆటగాడిగా, మేనేజర్‌గా ఎన్నో ట్రోఫీలు గెలిచినవాడు కాబట్టి లివర్‌పూల్ మెతగ్గా ఆడుతుందేమోనని ముందు కొందరు అనుమానించారు. రెడ్‌నాప్ గోల్ ఆ అనుమానానికి తావు లేకుండా చేసింది.

తుది పట్టికలో బ్లాక్‌బర్న్‌కు 89, యునైటెడ్‌కు 88.

బయట సమానం, ఇంట్లో ఒక్క పాయింటు

ఆ సీజన్‌లో ఒక్కో జట్టు 42 మ్యాచ్‌లు ఆడింది. 21 సొంత మైదానంలో, 21 బయట. రెండు జట్ల ఫలితాలను ఇలా విడగొట్టి చూస్తే ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. బయటి మైదానాల్లో బ్లాక్‌బర్న్ 10 గెలిచి, 6 డ్రా చేసుకుని, 5 ఓడింది. యునైటెడ్ కూడా సరిగ్గా 10 గెలిచి, 6 డ్రా చేసుకుని, 5 ఓడింది. తేడా అంతా సొంత మైదానాల్లోనే ఉంది. ఈవుడ్ పార్క్‌లో బ్లాక్‌బర్న్ 17 గెలిచి, 2 డ్రా చేసుకుని, 2 ఓడింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్ 16 గెలిచి, 4 డ్రా చేసుకుని, ఒక్కటే ఓడింది. 53 పాయింట్లు ఒకరికి, 52 మరొకరికి.

సొంత మైదానంలో యునైటెడ్ రక్షణ అసాధారణంగా ఉంది. 21 మ్యాచ్‌లలో ప్రత్యర్థులకు ఇచ్చిన గోల్స్ నాలుగే. బ్లాక్‌బర్న్ తన మైదానంలో 21 గోల్స్ ఇచ్చింది. అయినా సొంతగడ్డ మీద ఎక్కువ పాయింట్లు సంపాదించింది బ్లాక్‌బర్నే. ఎలాగంటే, అది అక్కడ 54 గోల్స్ కొట్టింది, యునైటెడ్ 42 కొట్టింది. యునైటెడ్‌కు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వచ్చిన నాలుగు డ్రాలలో మూడు ఒక్క గోల్ కూడా లేనివి: మార్చిలో టాటెన్‌హామ్‌తో, ఏప్రిల్‌లో లీడ్స్‌తో, చెల్సీతో. ఈ మూడింటిలో ఏ ఒక్క మ్యాచ్‌లో ఒక్క గోల్ పడినా మరో రెండు పాయింట్లు చేరి, 90 పాయింట్లతో టైటిల్ యునైటెడ్‌దే అయ్యేది.

మూడు పాయింట్ల నిబంధన

ఇంగ్లండ్‌లో విజయానికి రెండు పాయింట్ల బదులు మూడు ఇవ్వడం 1981-82 సీజన్‌తో మొదలైంది. డ్రాకు ఒకటే. ఓటమి భయంతో రక్షణకే పరిమితమయ్యే జట్లను గెలుపు కోసం ఆడించాలన్నది దాని ఉద్దేశం. మాజీ ఆటగాడు, వ్యాఖ్యాత జిమ్మీ హిల్ ఈ మార్పు కోసం గట్టిగా వాదించాడు. ప్రపంచకప్‌లో ఈ పద్ధతి 1994లోనే, అంటే ఈ సీజన్ మొదలవడానికి కొద్ది వారాల ముందే అమలైంది.

బ్లాక్‌బర్న్ మొత్తం ఫలితాలు 27 విజయాలు, 8 డ్రాలు, 7 ఓటములు. యునైటెడ్‌వి 26 విజయాలు, 10 డ్రాలు, 6 ఓటములు. పాత పద్ధతిలో రెండేసి పాయింట్లతో లెక్కిస్తే బ్లాక్‌బర్న్‌కు 54, డ్రాలకు 8, మొత్తం 62. యునైటెడ్‌కు 52, డ్రాలకు 10, మొత్తం 62. సరిసమానం. అప్పుడు గోల్స్ తేడా చూడాల్సి వచ్చేది. యునైటెడ్ 77 కొట్టి 28 ఇచ్చింది, తేడా 49. బ్లాక్‌బర్న్ 80 కొట్టి 39 ఇచ్చింది, తేడా 41. ట్రోఫీ ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వెళ్లేది. కొన్ని దేశాల లీగ్‌లలో మాదిరిగా పరస్పరం ఆడిన మ్యాచ్‌ల ఫలితం చూసినా యునైటెడ్‌దే పైచేయి. 1994 అక్టోబరులో ఈవుడ్ పార్క్‌లో 4-2తో, 1995 జనవరిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 1-0తో అది రెండుసార్లూ గెలిచింది.

నిబంధన వేరైతే జట్లు ఆడే తీరూ వేరుగా ఉండేదన్నది నిజమే. అందుచేత 1981కి ముందైతే ఫలానా జట్టు గెలిచేదని తేల్చిచెప్పడం కుదరదు. ఉన్న నిబంధన ఏ తరహా ఆటకు ప్రతిఫలం ఇచ్చిందన్నది మాత్రం ఈ లెక్క స్పష్టంగా చూపుతుంది. ఒక విజయం, ఒక ఓటమి కలిస్తే మూడు పాయింట్లు. రెండు డ్రాలు కలిస్తే రెండే. బ్లాక్‌బర్న్ యునైటెడ్ కంటే ఒక మ్యాచ్ ఎక్కువ గెలిచింది, ఒక మ్యాచ్ ఎక్కువ ఓడింది. తేలిన తేడా అదే.

తొమ్మిది గోల్స్ కొట్టినా మూడు పాయింట్లే

యునైటెడ్ గోల్స్ తేడా చూసి ఆ జట్టే మెరుగైనదని వాదించేవారున్నారు. అందులో ఒక మ్యాచ్ బరువును గుర్తించాలి. 1995 మార్చి 4న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్ 9-0తో ఇప్స్‌విచ్‌ను ఓడించింది. ఆండీ కోల్ ఒక్కడే ఐదు గోల్స్ కొట్టాడు. ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లో ఐదు గోల్స్ కొట్టిన మొదటి ఆటగాడు అతనే. ఈ ఒక్క మ్యాచ్ తీసేస్తే యునైటెడ్ తేడా 49 నుంచి 40కి దిగుతుంది, అంటే బ్లాక్‌బర్న్ కంటే ఒకటి తక్కువ. ఆ సీజన్‌లో ఇప్స్‌విచ్ పట్టికలో అట్టడుగున నిలిచింది. అలాంటి జట్టు మీద కొట్టిన ఎనిమిది అదనపు గోల్స్‌కు విలువ రావాలంటే చివరికి పాయింట్లు సమం కావాలి. కాలేదు.

కాంటోనా తన్ను టైటిల్‌ను మార్చిందా?

ఆ సీజన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1995 జనవరి 25 రాత్రి. లండన్‌లోని సెల్హర్స్ట్ పార్క్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆడుతూ, డిఫెండర్ రిచర్డ్ షాను తన్నినందుకు కాంటోనాకు రెడ్‌కార్డు పడింది. బయటికి నడుస్తుండగా తనను దూషించిన ఒక ప్రేక్షకుడి మీదకు కంచె మీదుగా ఎగిరి తన్నాడు. క్లబ్ అతణ్ని సీజన్ చివరి వరకు పక్కనపెట్టింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఆ నిషేధాన్ని సెప్టెంబరు 30 వరకు పొడిగించింది. కోర్టు విధించిన రెండు వారాల జైలుశిక్ష అప్పీలులో 120 గంటల సమాజసేవగా మారింది.

ఈ తన్నే టైటిల్‌ను బ్లాక్‌బర్న్‌కు అప్పగించిందన్న అభిప్రాయం బాగా స్థిరపడింది. ఆ రాత్రి నాటి పట్టికతో దీన్ని పరీక్షించవచ్చు. ప్యాలెస్‌తో మ్యాచ్ 1-1గా ముగిశాక యునైటెడ్ 26 మ్యాచ్‌లలో 54 పాయింట్లతో ఉంది. బ్లాక్‌బర్న్ 24 మ్యాచ్‌లలో 55 పాయింట్లతో ఉంది. అంటే ఒక పాయింటు ముందుండి, చేతిలో మరో రెండు మ్యాచ్‌లు మిగుల్చుకుంది.

అక్కడి నుంచి యునైటెడ్ మిగిలిన 16 మ్యాచ్‌లలో 10 గెలిచి, 4 డ్రా చేసుకుని, 2 ఓడి 34 పాయింట్లు సంపాదించింది. బ్లాక్‌బర్న్ తన 18 మ్యాచ్‌లలో 10 గెలిచి, 4 డ్రా చేసుకుని, 4 ఓడి అదే 34 పాయింట్లు తెచ్చుకుంది. మొదటి 26 మ్యాచ్‌లలో యునైటెడ్ సగటు మ్యాచ్‌కు 2.08 పాయింట్లు, కాంటోనా లేని 16 మ్యాచ్‌లలో 2.13. అతను లేని కాలంలో జట్టు కూలిపోయిందనడానికి పట్టికలో ఆధారం లేదు. నిజానికి తడబడింది బ్లాక్‌బర్న్. చేతిలో ఉన్న రెండు అదనపు మ్యాచ్‌ల లాభాన్ని అది పూర్తిగా పోగొట్టుకుంది. ఏప్రిల్ 17న సొంత మైదానంలో మాంచెస్టర్ సిటీ చేతిలో 2-3తో, ఏప్రిల్ 30న వెస్ట్‌హామ్ చేతిలో 0-2తో ఓడింది. మే 8న న్యూకాజిల్‌పై షియరర్ గోల్, గోల్‌కీపర్ టిమ్ ఫ్లవర్స్ ఆపిన షాట్లు లేకపోతే టైటిల్ చేజారేదే.

అయితే కాంటోనా లేకపోవడం లెక్కలోకి రాదని కూడా అనలేం. ఆ 16 మ్యాచ్‌లలో యునైటెడ్ కొట్టిన 30 గోల్స్‌లో తొమ్మిది ఇప్స్‌విచ్ మీదవే. మిగతా 15 మ్యాచ్‌లలో 21. ముందు చెప్పిన గోల్ లేని మూడు డ్రాలు ఈ కాలంలోనివే. ప్రత్యర్థి పదకొండు మందీ వెనక్కి దిగి గోడకట్టినప్పుడు సందు వెతికి పాస్ అందించడం కాంటోనాకు వెన్నతో పెట్టిన విద్య. జనవరి 22న బ్లాక్‌బర్న్‌పై ఏకైక గోల్ కొట్టిందీ అతనే. కాబట్టి సరైన నిర్ధారణ పరిమితంగా ఉండాలి. అతను లేకపోవడం వల్ల జట్టు మొత్తం దిగజారలేదు, మూసుకుపోయిన మ్యాచ్‌లను తెరిచే మార్గం తగ్గింది. ఒక్క పాయింటుతో తేలిన పోటీలో అది కూడా చిన్న విషయం కాదు.

వాకర్ డబ్బు ఎంత దూరం పనిచేసింది?

జాక్ వాకర్ బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి పెరిగాడు. తండ్రి నుంచి వచ్చిన చిన్న లోహపు రేకుల వ్యాపారాన్ని పెద్ద ఉక్కు సంస్థగా పెంచి, 1990 ప్రాంతంలో దాదాపు 33 కోట్ల పౌండ్లకు బ్రిటిష్ స్టీల్‌కు అమ్మేశాడు. 1991 జనవరిలో తన ఊరి క్లబ్‌ను చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడది రెండో శ్రేణిలో, దిగువన ఉంది. అదే ఏడాది అక్టోబరులో డాల్గ్లిష్‌ను ఒప్పించి తెచ్చాడు. 1992 మేలో ప్లేఆఫ్ (పై శ్రేణికి చేరే చివరి అవకాశం కోసం ఆడే పోటీ) ఫైనల్లో లెస్టర్‌పై 1-0 విజయంతో జట్టు కొత్తగా పుట్టిన ప్రీమియర్ లీగ్‌లోకి అడుగుపెట్టింది. తొలి ఏడాది నాలుగో స్థానం, మరుసటి ఏడాది రెండో స్థానం, మూడో ఏడాది టైటిల్.

షియరర్‌ను 1992లో సౌతాంప్టన్ నుంచి, క్రిస్ సటన్‌ను 1994లో నారిచ్ నుంచి బ్రిటిష్ రికార్డు ధరలకు కొన్నది వాకర్ డబ్బుతోనే. సటన్ ధర 50 లక్షల పౌండ్లు. టైటిల్‌ను కొనుక్కున్నారన్న విమర్శకు ఆధారం ఇదే. కానీ ఆరు నెలలు తిరక్కుండానే యునైటెడ్ ఆండీ కోల్ కోసం 60 లక్షల పౌండ్లు, అదనంగా 10 లక్షలుగా విలువ కట్టిన కీత్ గిలెస్పీని న్యూకాజిల్‌కు ఇచ్చింది. రికార్డు మళ్లీ మారింది. పెద్ద క్లబ్‌కు పెద్ద స్టేడియం, టిక్కెట్లు, జెర్సీల అమ్మకం, స్టాక్ మార్కెట్ నుంచి డబ్బు వచ్చేది. బ్లాక్‌బర్న్‌కు ఇవేవీ ఆ స్థాయిలో లేవు. ఆ లోటును ఒక వ్యక్తి సంపద పూడ్చింది. ఖర్చుపెట్టడం రెండు చోట్లా ఉంది, డబ్బు వచ్చే దారి మాత్రం వేరు.

అప్పట్లో ఒక స్థానిక సంపన్నుడు ఇంత ప్రభావం చూపగలగడానికి కారణం టీవీ ఆదాయం ఇంకా చిన్నదిగా ఉండడం. ప్రీమియర్ లీగ్ తొలి టీవీ ఒప్పందం విలువ ఐదేళ్లకు 30.4 కోట్ల పౌండ్లుగా ప్రకటించారు. అంటే వాకర్ తన సంస్థను అమ్మిన ధర, లీగ్ మొత్తానికి ఐదేళ్లలో టీవీ ద్వారా వచ్చే డబ్బు కంటే ఎక్కువ. 1997 నుంచి నాలుగేళ్లకు కుదిరిన తర్వాతి ఒప్పందం 67 కోట్లు. 2016-19 మూడేళ్ల దేశీయ ఒప్పందం 500 కోట్ల పౌండ్లు దాటింది. ఈ పోలిక చూస్తే వాకర్ లాంటి వ్యక్తికి తలుపు ఎంత కొద్దికాలం తెరిచి ఉందో తెలుస్తుంది.

డబ్బుతో ఏం కొన్నారన్నది కూడా ముఖ్యమే. డాల్గ్లిష్, శిక్షకుడు రే హార్‌ఫర్డ్ తయారుచేసిన ఆట సరళమైనది. రెండు రెక్కల మీద స్టువర్ట్ రిప్లీ, జేసన్ విల్‌కాక్స్, ఎడమ వెనుక నుంచి గ్రేమ్ లె సో పరుగెత్తి బంతిని గోల్ ముందుకు పంపుతారు. అక్కడ ఇద్దరు బలమైన ఫార్వర్డ్‌లు సిద్ధంగా ఉంటారు. కాలిన్ హెండ్రీ వెనుక కాపలా. ఇదే కదలికను శిక్షణలో పదేపదే చేయించేవారు. షియరర్ లీగ్‌లో 34, సటన్ 15 గోల్స్ కొట్టారు. ఇద్దరివీ కలిపి 49, అంటే జట్టు మొత్తం 80లో 61 శాతం. ఒకే దారిని నమ్ముకోవడం వల్ల ఐరోపాలో ఆ జట్టు దెబ్బతింది. 1994 సెప్టెంబరులోనే స్వీడన్‌కు చెందిన ట్రెల్లెబోర్గ్ చేతిలో యూఈఎఫ్ఏ కప్ మొదటి రౌండులో ఓడి ఇంటికొచ్చింది.

ఆ ఓటమి లీగ్‌లో మేలు చేసింది. యునైటెడ్ ఆ సీజన్‌లో ఐరోపా ఛాంపియన్స్ లీగ్ గ్రూపు మ్యాచ్‌లు ఆడింది, ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్ దాకా వెళ్లి ఎవర్టన్ చేతిలో 0-1తో ఓడింది. విదేశీ ఆటగాళ్ల సంఖ్య మీద అప్పట్లో ఐరోపా పోటీల్లో పరిమితి ఉండేది. ఆ కారణంగా బార్సిలోనాలో గోల్‌కీపర్ పీటర్ ష్మైకేల్‌ను పక్కన కూర్చోబెట్టి 0-4తో ఓడింది. ఈ బరువేదీ బ్లాక్‌బర్న్‌కు లేదు. ఎఫ్ఏ కప్‌లో కూడా మూడో రౌండులోనే న్యూకాజిల్ చేతిలో ఓడి, వారాంతపు లీగ్ మ్యాచ్‌ల మీదే దృష్టి పెట్టింది.

నాలుగు జట్లు కిందికి, రెండు పైకి

టైటిల్ పోరు వెలుగులో పట్టిక కింది భాగం మరుగునపడింది. ఆ ఏడాది నలిగిన జట్లకు మాత్రం అసలు కథ అక్కడే. అంతవరకు 22 జట్లతో నడిచిన లీగ్‌ను 1995-96 నుంచి 20కి తగ్గించాలని ముందే నిర్ణయించారు. మ్యాచ్‌లు తగ్గితే ఆటగాళ్ల మీద, ముఖ్యంగా జాతీయ జట్టు మీద ఒత్తిడి తగ్గుతుందన్నది వాదన. 22 జట్ల లీగ్‌లో 462 మ్యాచ్‌లు, 20 జట్లయితే 380. ఇందుకోసం ఒక్క ఏడాదికి నాలుగు జట్లను రెండో శ్రేణికి దించి, రెండింటినే పైకి తీసుకున్నారు.

దీంతో మధ్యలో ఉన్న క్లబ్‌లు కూడా చివరిదాకా భయపడుతూ ఆడాయి. 12వ స్థానంలోని ఆర్సెనల్‌కు 51 పాయింట్లు, 19వ స్థానంలోని క్రిస్టల్ ప్యాలెస్‌కు 45. ఎనిమిది స్థానాలు ఆరు పాయింట్ల మధ్య ఇరుక్కున్నాయి. రెండేళ్ల కిందట రెండో స్థానంలో నిలిచిన ఆస్టన్ విల్లా 48తో గట్టెక్కింది. ప్యాలెస్‌ది మరింత దురదృష్టం. ఎఫ్ఏ కప్‌లోనూ లీగ్ కప్‌లోనూ సెమీఫైనల్ ఆడిన ఆ జట్టు, మూడు జట్లే దిగే మామూలు ఏడాదిలో నిలబడేది. 42 మ్యాచ్‌లలో 34 గోల్సే కొట్టడం దాన్ని ముంచింది.

నారిచ్ పతనానికి టైటిల్ పోరుతో నేరుగా సంబంధం ఉంది. 1993లో బేయర్న్ మ్యూనిక్‌ను ఓడించి ఐరోపాను ఆశ్చర్యపరిచిన క్లబ్ అది. సటన్‌ను బ్లాక్‌బర్న్‌కు అమ్మాక కూడా 1994 క్రిస్మస్ నాటికి ఏడో స్థానంలో ఉంది. డిసెంబరు చివర్లో గోల్‌కీపర్ బ్రయన్ గన్ గాయపడ్డాడు. చివరి 20 లీగ్ మ్యాచ్‌లలో ఆ జట్టు ఒక్కటంటే ఒక్కటే గెలిచి 43 పాయింట్లతో దిగిపోయింది. చిన్న క్లబ్ తన ప్రధాన ఫార్వర్డ్‌ను అమ్ముకుంటే ఆ ఏడాది ఖాతా నిండుతుంది, కానీ గాయాలు తగిలినప్పుడు ఆదుకునేవారు ఉండరు. షియరర్‌ను అమ్మిన సౌతాంప్టన్, సటన్‌ను అమ్మిన నారిచ్ ఈ స్థితిలోనే ఉన్నాయి.

రెండో శ్రేణిలో రెడింగ్‌కు జరిగింది అన్యాయమనే చెప్పాలి. ఆ క్లబ్ రెండో స్థానంలో నిలిచింది. ఏ ఇతర ఏడాదైనా నేరుగా ప్రీమియర్ లీగ్‌కు వెళ్లేది. ఆ ఒక్క ఏడాది మొదటి స్థానానికే, అంటే మిడిల్స్‌బ్రోకే నేరుగా అవకాశం దక్కింది. ప్లేఆఫ్ ఫైనల్లో రెడింగ్ 2-0 ఆధిక్యంలో ఉండి, పెనాల్టీ కూడా పోగొట్టుకుని, అదనపు సమయంలో బోల్టన్ చేతిలో 3-4తో ఓడింది. అగ్రశ్రేణికి చేరడానికి మరో పదకొండేళ్లు, 2006 దాకా ఆగాల్సి వచ్చింది.

ధరల పరుగు, బ్లాక్‌బర్న్ దిగుదల

వాకర్ మొదలుపెట్టిన ధరల పోటీ చివరికి వాకర్ క్లబ్‌నే దాటిపోయింది. బ్రిటిష్ రికార్డు 1994 వేసవిలో సటన్‌తో 50 లక్షలు. 1995 జనవరిలో కోల్‌తో 70 లక్షలు. ఆ వేసవిలోనే లివర్‌పూల్ స్టాన్ కాలీమోర్‌కు 85 లక్షలు ఇచ్చింది. 1996లో న్యూకాజిల్ షియరర్‌కు కోటిన్నర పౌండ్లు చెల్లించింది, అది అప్పటికి ప్రపంచ రికార్డు. రెండేళ్లలో ధర మూడింతలైంది. 1995 డిసెంబరులో వచ్చిన బోస్‌మన్ తీర్పు ఐరోపా యూనియన్ ఆటగాళ్ల మీద పరిమితులను తొలగించడంతో, అందరూ బ్రిటిష్ ఆటగాళ్లతో జట్టు కట్టే పద్ధతికి కూడా కాలం చెల్లింది. నార్వేకు చెందిన హెన్నింగ్ బెర్గ్ తప్ప బ్లాక్‌బర్న్ ప్రధాన జట్టు దాదాపు అంతా బ్రిటిష్ ఆటగాళ్లే.

టైటిల్ గెలిచిన కొద్ది వారాలకే డాల్గ్లిష్ రోజువారీ బాధ్యతలు వదిలి క్లబ్ ఫుట్‌బాల్ డైరెక్టర్‌గా మారాడు. హార్‌ఫర్డ్ మేనేజర్ అయ్యాడు. ఆ వేసవిలో ఇతర క్లబ్‌లు జట్లను బలపరుచుకుంటుంటే బ్లాక్‌బర్న్ పెద్దగా కొనలేదు. 1995-96లో ఏడో స్థానంలో నిలిచింది. ఛాంపియన్స్ లీగ్‌లో స్పార్టక్ మాస్కో, లెగియా వార్సా, రోసెన్‌బోర్గ్ ఉన్న గ్రూపులో చివరి స్థానం. మాస్కోలో మ్యాచ్ నడుస్తుండగానే లె సో, డేవిడ్ బాటీ ఒకరినొకరు కొట్టుకున్నారు. యునైటెడ్ అదే వేసవిలో పాల్ ఇన్స్, మార్క్ హ్యూస్, ఆండ్రీ కాంచెల్స్కిస్‌లను వదులుకుని సొంత అకాడమీ కుర్రాళ్లను దించి, తిరిగొచ్చిన కాంటోనాతో లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిచింది. అంటే ఒక క్లబ్ ప్రతిభను తానే తయారుచేసుకోగలిగింది, మరొకటి కొన్న ప్రతిభ వెళ్లిపోతే మళ్లీ కొనడం మీదే ఆధారపడింది. కొనే ధర మూడింతలయ్యాక ఆ దారి మూసుకుపోయింది.

బ్లాక్‌బర్న్ 1999లో రెండో శ్రేణికి దిగింది. 2000 ఆగస్టులో వాకర్ మరణించాడు. 2001లో తిరిగొచ్చి, 2002లో లీగ్ కప్ గెలిచింది. ఈ కథలో తెలుగువారికి నేరుగా తెలిసిన పేరు 2010 నవంబరులో ప్రవేశిస్తుంది. భారత కోళ్ల పరిశ్రమకు పితామహుడిగా పేరొందిన తెలుగువారు బి.వి. రావు స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్ సంస్థ, అంటే పుణె కేంద్రంగా నడిచే వెంకీస్, ఆ క్లబ్‌ను కొనుగోలు చేసింది. ప్రీమియర్ లీగ్ క్లబ్‌కు యజమాని అయిన మొదటి భారతీయ సంస్థ అదే. వారాల వ్యవధిలోనే మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తొలగించారు. 2012లో జట్టు మళ్లీ దిగిపోయింది, 2017లో మూడో శ్రేణికి కూడా జారింది, మరుసటి ఏడాదే రెండో శ్రేణికి చేరింది. యజమానుల నిర్ణయాల మీద అభిమానుల నిరసన ఏళ్ల తరబడి సాగింది. వాకర్ కాలంతో వారిని పోల్చేటప్పుడు ఒక తేడాను గమనించాలి. 1991లో 33 కోట్ల పౌండ్ల సంపద ఉన్న యజమాని లీగ్ అంతటినీ దాటి ఖర్చుపెట్టగలిగాడు. 2010 నాటికి అదే లీగ్‌లో చెల్సీ, మాంచెస్టర్ సిటీల వెనుక ఉన్న సంపద ముందు అలాంటి మొత్తం మధ్య స్థాయిదే. తర్వాత వచ్చిన ఆర్థిక నియమాల ప్రకారం మూడేళ్లలో నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదని నిర్ణయించారు కాబట్టి, యజమాని ఎంత ఇవ్వదలచుకున్నా క్లబ్ సొంత ఆదాయమే హద్దు అయింది. 2016లో టైటిల్ గెలిచిన లెస్టర్ ఆ హద్దులోపలే, తక్కువ ధరకు దొరికిన ఆటగాళ్లతో 81 పాయింట్లు సంపాదించింది. వాకర్ నడిచిన దారిలో మరో చిన్న పట్టణపు క్లబ్ ఆ టైటిల్‌ను చేరలేదు. 2012లో దిగిన బ్లాక్‌బర్న్ 2025 నాటికీ అగ్రశ్రేణికి తిరిగి రాలేదు.